ఊరి మాట రాజధాని చెవిన పడాలంటే

టెక్సాస్ శాసనసభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో కూర్చుంటుంది. దాని గడువు 140 రోజులు. 2025లో జనవరి 14న మొదలై జూన్ 2న ముగిసింది. 150 మంది ప్రతినిధులు, 31 మంది సెనేటర్లు ఉన్న ఉభయ సభల ముందుకు ఆ కొద్ది నెలల్లోనే ఎనిమిది వేలకు పైగా బిల్లులు వచ్చాయి. కొత్త లేఅవుట్‌లో ప్లాటు ఎంత చిన్నదిగా ఉండొచ్చు, షాపులకు కేటాయించిన స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టనివ్వాలా వద్దా, బస్సులకూ రైళ్ళకూ ఇచ్చే పన్ను వాటాను నగరం వెనక్కి అడగవచ్చా లాంటి ప్రశ్నలు వాటిలో ఎన్నో. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనో, ఫ్రిస్కో, మెకినీ, పడమటి పక్కనున్న ఇర్వింగ్ లాంటి శివారు నగరాల జాతకం ఈ బిల్లుల్లోనే ఉంటుంది. ఆస్టిన్‌లో సభ చివరి రోజుల హడావుడిలో పడే ఒక్క ఓటు రెండు వందల మైళ్ళ అవతలి ఊరి బడ్జెట్‌నూ వీధుల రూపునూ మార్చేయగలదు. అందుకే సభ కొలువు తీరకముందే ఈ నగరాల కౌన్సిళ్ళు ఒక జాగ్రత్త తీసుకుంటాయి. శాసనసభ నుంచి తమకేం కావాలో, ఏ చట్టం వస్తే తమకు నష్టమో రాసుకుని, బహిరంగ సమావేశంలో చర్చించి, ఓటు వేసి ఆమోదిస్తాయి. దాన్ని లెజిస్లేటివ్ ఎజెండా అంటారు. ఆ ప్రాంతం నుంచి గెలిచిన శాసనసభ్యులతో మేయర్లు, కౌన్సిల్ సభ్యులు కూర్చుని ఒక్కో అంశం మీదా మాట్లాడతారు. సభ నడిచేటప్పుడు ఆస్టిన్ వెళ్ళి కమిటీల ముందు నిలబడతారు. అక్కడ ఒక్కొక్కరికీ దక్కే సమయం మామూలుగా రెండు మూడు నిమిషాలు.

ఎక్కడో టెక్సాస్ శివార్ల గొడవ మనకెందుకని అనుకోవడానికి లేదు. ఫ్రిస్కో జనాభా 2000లో 33,714. 2020 నాటికి అది 2,00,509. ఆ పెరుగుదలలో తెలుగు కుటుంబాల పాలు కంటికి ఆనేంత. కార్యసిద్ధి హనుమాన్ ఆలయం వెలసిందీ, కొత్త సినిమా మొదటి ఆటకు థియేటర్లు నిండేదీ ఈ ఊళ్ళలోనే. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు ఫోనులో వినిపించే ఇంటిపన్ను బాధ, స్కూళ్ళ బాధ, ట్రాఫిక్ బాధ చాలావరకు ఆస్టిన్‌లో రాసిన చట్టాల దగ్గరకే వెళ్ళి తేలతాయి. అంతకన్నా దగ్గరి కారణం ఇంకొకటుంది. మహానగరం పక్కన వేగంగా పెరిగిన ఊరు, తన పైనున్న రాష్ట్రంతో ఎలా మాట్లాడాలి, ఎవరి నోటితో మాట్లాడాలి అన్న ప్రశ్న హైదరాబాద్ చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటిదీ.

నగరాలు శాసనసభ్యులతో జరిపే ఈ కలయికలను లాబీయింగ్ అని కొట్టిపారేసేవాళ్ళు టెక్సాస్‌లో బలంగా ఉన్నారు. ఆపాలని చట్టాలు కూడా ప్రతిపాదించారు. ఎన్నికైన నగర కౌన్సిల్, తనను కట్టడి చేసే చట్టం రాసేవాళ్ళతో మాట్లాడటం ప్రాతినిధ్యంలో భాగమేనని, దాన్ని ఆపితే నష్టపోయేది ఊరి జనమేనని ఈ కథనం వాదన. అయితే ఆ హక్కు ఊరికే రాదు. నగరం అడిగే ప్రతి కోరికా జనం చూస్తుండగా పుట్టి, జనం ముందే ఓటుకు నిలిచి ఉండాలి. నాలుగు గోడల మధ్య తయారైన జాబితాకు ఆ గౌరవం దక్కనక్కర్లేదు.

ముందు డబ్బు సంగతి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. నగరాలు ముఖ్యంగా ఆస్తి పన్ను మీదా, సేల్స్ ట్యాక్స్‌లో వాటా మీదా బతుకుతాయి. సేల్స్ ట్యాక్స్‌లో రాష్ట్రానికి వెళ్ళేది 6.25 శాతం. స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 2 శాతానికి మించకూడదు. ఇక ఆస్తి పన్ను. 2019 దాకా నిర్వహణ ఖర్చుల కోసం పాత ఆస్తుల మీద రాబడిని ఏడాదికి 8 శాతం వరకు పెంచుకునే వీలుండేది. అది దాటితే ఓటర్లు సంతకాలు సేకరించి ఎన్నిక కోరవచ్చు. 2019లో వచ్చిన చట్టం ఆ హద్దును 3.5 శాతానికి దించింది. దాటితే ఎవరూ అడగకుండానే నవంబరులో ఓటు జరగాలంది. ఇల్లున్నవాళ్ళకు ఇది మేలుగానే కనిపిస్తుంది, కొంతవరకు మేలే. కానీ 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి ఎగబాకింది. పోలీసులు, ఫైర్ సిబ్బంది జీతాలు, తారు, పైపులు, ట్రక్కులు అన్నీ ఆ వేగంతోనే పెరిగాయి. కొత్తగా కట్టిన ఇళ్ళ మీద వచ్చే పన్ను ఈ లెక్కలోకి రాదు కనుక ఇంకా ఖాళీ నేల ఉన్న ఊరికి ఊపిరి ఆడింది. దాదాపుగా నిండిపోయిన ప్లేనో లాంటి ఊరికి ఆ వెసులుబాటు తక్కువ. ఒకే నిబంధన రెండు పొరుగూళ్ళ మీద రెండు రకాలుగా పడుతుందని రాష్ట్ర రాజధానిలో కూర్చున్నవారికి ఎవరో ఒకరు లెక్కలతో చూపాలి. సగటు ఇంటి యజమాని కట్టే ఆస్తి పన్నులో పెద్ద భాగం నగరానికి కాదు, స్కూల్ డిస్ట్రిక్ట్‌కు పోతుందన్న సంగతి కూడా ఈ చర్చల్లో తరచూ మరుగున పడుతుంది.

తరువాతిది అధికారం. 1912లో టెక్సాస్ రాజ్యాంగాన్ని సవరించి హోమ్ రూల్ హక్కు ఇచ్చారు. ఐదు వేల జనాభా దాటిన నగరం తన చార్టర్ తానే రాసుకోవచ్చు, రాష్ట్ర చట్టం వద్దనని ఏ పనైనా చేసుకోవచ్చు. దానికి తిరగేసిన అర్థం కూడా అందులోనే ఉంది. శాసనసభ వద్దంటే చాలు, ఆ అధికారం పోయినట్టే. కొన్నేళ్ళుగా ఆ 'వద్దు'ల చిట్టా పెరుగుతూ వస్తోంది. ఇంటి ముందు గోడలకు ఇటుకో రాయో వాడాలని నిర్బంధించే అధికారాన్ని 2019లో తీసేశారు. ఊరి పక్క భూముల్ని అక్కడివారి సమ్మతి లేకుండా కలుపుకోవడాన్ని కూడా అదే ఏడాది ఆపారు. రెండోది న్యాయమైన మార్పే. ఒక ఊరిని ఇంకో ఊరిలో కలిపేటప్పుడు అక్కడివాళ్ళను అడగాలనడంలో తప్పేముంది? 2023లో వచ్చిన చట్టం మాత్రం వేరే జాతిది. వ్యవసాయం, వ్యాపారం, కార్మిక వ్యవహారాలు, ఆస్తి లాంటి విశాల రంగాల్లో రాష్ట్ర చట్టం పరిధి దాటి నగరాలు సొంత నియమాలు పెట్టకూడదని అది ఒక్క వేటుతో చెప్పింది. ఎండలో పనిచేసే భవన కార్మికులకు మంచినీళ్ళ విరామం ఇవ్వాలన్న ఆస్టిన్, డాలస్ నగరాల నియమాల గతి ఏమిటన్నది దేశమంతా చర్చ అయింది. హ్యూస్టన్ నగరం కోర్టుకు వెళ్ళింది. 2023 ఆగస్టులో కింది కోర్టు ఆ చట్టం చెల్లదంది. 2025లో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. ఒక నియమం చెల్లుతుందో లేదో తెలియని స్థితిలో రెండేళ్ళు గడిపిన నగర న్యాయవాదుల అవస్థ, ముందుగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడి ఉంటే కొంతైనా తప్పేది.

కూర్చుని మాట్లాడటానికి అవతలివారు సిద్ధంగా ఉన్నారా అన్నది న్యాయమైన సందేహం. 2019 జూన్‌లో అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ డెనిస్ బానెన్, ఒక రాజకీయ కార్యకర్తతో గదిలో మాట్లాడిన మాటలు రహస్యంగా రికార్డయ్యాయి. ఆ అక్టోబరులో అవి బయటికొచ్చాయి. తనను కలవడానికి వచ్చిన మేయర్లందరికీ, నగరాల చరిత్రలోకెల్లా ఇదే అత్యంత చెడ్డ సభ కావాలన్నదే తన లక్ష్యమని స్పష్టంగా చెప్పానని ఆయన అందులో అన్నారు. పక్కనే ఉన్న ఇంకో ప్రతినిధి డస్టిన్ బరోస్, వచ్చే సభ ఇంకా ఘోరంగా ఉండాలని తోడు పలికారు. బానెన్ మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాల్సి వచ్చింది. నగరాల అధికారాలను కుదించిన 2023 చట్టం బిల్లు పెట్టినది బరోస్. ఆయనే 2025 జనవరిలో స్పీకర్ అయ్యారు. ఈ చరిత్ర తెలిసిన శివారు మేయర్లకు ఎజెండా పట్టుకుని అక్కడికి వెళ్ళడం వృథా ప్రయాస అనిపించవచ్చు. నిజానికి ఈ ఉదంతమే రాతపూర్వక తీర్మానం విలువ చెబుతుంది. గదిలో అన్న మాట రికార్డు బయటపడితే తప్ప ఎవరికీ తెలియదు. నగరం అడిగింది మాత్రం తేదీతో, ఓట్ల లెక్కతో పబ్లిక్ రికార్డులో ఉంటుంది. ఎవరు ఏమడిగారు, ఎవరు కాదన్నారు అన్నది రేపు ఓటరు తిరగేసి చూసుకోవచ్చు.

ప్రజల పన్నుతో లాబీయిస్టులను పెట్టుకుని, ఆ ప్రజల పన్ను తగ్గించే బిల్లుల మీదనే పోరాడటం ఏం న్యాయం అన్నది ప్రత్యర్థుల ప్రధాన అభ్యంతరం. అందులో బలం ఉంది. నగరాలు నేరుగా లాబీయిస్టులను నియమించుకోవడాన్నీ, అలా పనిచేసే సంఘాలకు చందాలు కట్టడాన్నీ నిషేధించే బిల్లులు 2019, 2021, 2023, 2025 సభలన్నిటిలోనూ వచ్చాయి. సెనేట్ గట్టెక్కినా ప్రతినిధుల సభలో ఆగిపోయాయి. ఏదీ చట్టం కాలేదు. వెయ్యికి పైగా నగరాలు సభ్యులుగా ఉన్న టెక్సాస్ మునిసిపల్ లీగ్ 1913 నుంచి పనిచేస్తోంది. నిషేధం వస్తే దాని నోరు కూడా మూతపడేది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. డెవలపర్లు, కరెంటు కంపెనీలు, టెలికాం సంస్థలు ఎంత ఖర్చయినా పెట్టి ఆస్టిన్‌లో తమ మనుషులను నిలబెట్టవచ్చు. నగరం ఒక్కటే ఖాళీ చేతులతో రావాలంటే, వాదన ఒక పక్షానిదే వినబడుతుంది. రెండోది, నాలుగైదు వందల గడపలున్న చిన్న ఊరికి సొంత న్యాయ విభాగం ఉండదు. వేల బిల్లుల్లో తనకు తగిలేది ఏదో వెతికిపెట్టే సంఘం లేకపోతే అది చట్టం వచ్చాకే మేల్కొంటుంది. ప్రజాధనం మీద అనుమానం ఉన్నవారికి ఇవ్వాల్సిన జవాబు నిషేధం కాదు, వెల్లడి. లాబీయిస్టుకు ఎంత ఇచ్చారు, ఏ అంశం మీద మాట్లాడమన్నారు అన్నది కౌన్సిల్ తీర్మానంలోనే ఉండాలి. తీర్మానంలో లేని అంశం మీద నగరం పేరుతో నోరు విప్పే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఈ షరతుకు ఒప్పుకోని నగరం మీద ఆ అభ్యంతరం పూర్తిగా చెల్లుతుంది.

శాసనసభ్యుడు కూడా ఆ ఊరి ఓటర్లు గెలిపించినవాడేగా, మధ్యలో మేయర్ ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. మేయర్‌కు తెలిసేది వేరు. ఏ కాలనీలో నీటి పైపు ఎన్నేళ్ళ నాటిదో, ఏ కూడలిలో ప్రమాదాలు జరుగుతున్నాయో, పన్ను హద్దు అర శాతం తగ్గితే ఏ ఫైర్ స్టేషన్ వాయిదా పడుతుందో నగర బడ్జెట్ రాసేవారికి తెలుస్తుంది. శాసనసభ నియోజకవర్గం గీతలు ఊరి హద్దులతో కలవవు. ఒకే నగరాన్ని పలువురు పంచుకుంటారు, ఒకే సభ్యుడికి పలు నగరాలుంటాయి. అయితే ఈ అభ్యంతరంలో దాగిన అసలు ముల్లు మరొకటి. టెక్సాస్‌లో మే నెలలో జరిగే నగర ఎన్నికల్లో పోలింగ్ పది శాతం కూడా దాటకపోవడం మామూలు. అంత కొద్దిమంది గెలిపించిన కౌన్సిల్ ఊరందరి మాట నేనే అనడం ఎలా చెల్లుతుంది? చెల్లదు, తీర్మానానికి ముందు ఊరి నోరు విప్పించకపోతే. మన తెలుగు కుటుంబాల సంగతే చూడండి. హెచ్-1బీ వీసా మీద ఉండి, గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళు ఇల్లు కొంటారు, ఆస్తి పన్ను కడతారు, పిల్లల్ని బడికి పంపుతారు. వాళ్ళకు ఓటు లేదు. కౌన్సిల్ సమావేశంలో మైకు ముందుకొచ్చి మాట్లాడటానికి మాత్రం ఓటు అక్కర్లేదు. ఎజెండా చర్చ బహిరంగంగా జరిగితే వాళ్ళ మాటకు ఒక దారి ఉంటుంది. మూసిన గదిలో జరిగితే అదీ ఉండదు. తెలుగు సంఘాలు ఉత్సవాల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఈ సమావేశాల మీద పెట్టడం అవసరమని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

శివారు నగరాల కోరికలు స్వార్థంతో నిండి ఉంటాయన్న మూడో విమర్శ అన్నిటికన్నా కఠినమైనది. దానికి నేను సగానికి పైగా ఒప్పుకుంటాను. 2025లో రెండు గృహనిర్మాణ చట్టాలు వచ్చాయి. మూడు లక్షల జనాభా దాటిన కౌంటీల్లోని లక్షన్నర దాటిన నగరాల్లో, వాణిజ్య స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కట్టడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదని ఒకటి. అలాంటి నగరాల్లోనే ఐదెకరాలు, ఆపైన ఉన్న కొత్త లేఅవుట్లలో ప్లాటు కనీస పరిమాణం మూడు వేల చదరపు అడుగులకు మించి పెట్టకూడదని రెండోది. ప్లేనో, ఇర్వింగ్, ఫ్రిస్కో, మెకినీ నాలుగూ ఈ పరిధిలోకి వస్తాయి. శివారు నగరాలు తమ నేల మీద తమ మాటే చెల్లాలని ఎదురు నిలిచాయి. చట్టం వచ్చాక కొన్ని నగరాలు భవనాల కనీస ఎత్తు పెంచే నిబంధనలతో దాన్ని నీరుగార్చే ప్రయత్నమూ చేశాయి. ఇక్కడ రాష్ట్రం వైపే న్యాయం ఉంది. ఇంకా కట్టని అపార్ట్‌మెంట్‌లో రేపు ఉండబోయే టీచరు, నర్సు ఈ రోజు ఆ ఊరి ఓటర్లు కారు. వాళ్ళ తరఫున కౌన్సిల్‌లో చెయ్యెత్తేవారు ఉండరు. అలాంటి చోట ప్రాంతమంతటినీ చూడగలిగే రాష్ట్రమే కలగజేసుకోవాలి. అయితే నగరం కోరింది తప్పు కావచ్చు గనుక నగరానికి కోరే హక్కే ఉండకూడదన్నది వేరే మాట. మొదటిదానికి మందు చట్టసభలో ఓడించడం. రెండోది నోరు నొక్కడం.

రవాణా తగవులో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. డార్ట్ అని పిలిచే డాలస్ ప్రాంత రవాణా సంస్థ 1983లో ఏర్పడింది. 2025 నాటికి అందులోని 13 నగరాలు ఒక్కొక్కటీ డాలరుకు ఒక సెంటు చొప్పున సేల్స్ ట్యాక్స్ దానికి ఇచ్చేవి. 2023 ఆర్థిక సంవత్సరానికి చేయించిన లెక్కల్లో ప్లేనో సుమారు 11 కోట్ల డాలర్లు ఇస్తే, అక్కడి సేవల మీద ఖర్చయింది నాలుగున్నర కోట్ల లోపని తేలింది. అందులో సభ్యత్వమే లేని ఫ్రిస్కో ఆ సెంటును తన ఆర్థికాభివృద్ధి సంస్థలకు మళ్ళించుకుని స్టేడియాలు, కార్పొరేట్ కార్యాలయాలు రప్పించుకుంది. ప్లేనో వారికి కడుపు మండటంలో ఆశ్చర్యం లేదు. పలు కౌన్సిళ్ళు వాటా తగ్గించాలని తీర్మానించాయి. ప్లేనో ప్రతినిధి 2025లో, పావు వంతు డబ్బు నగరాలకు తిరిగివ్వాలని బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. ఆ ఏడాది చివరికి కొన్ని నగరాలు డార్ట్ నుంచి వైదొలగాలా అన్నదానిపై ఎన్నిక జరపాలని నిర్ణయించే దాకా వెళ్ళాయి. విమానాశ్రయం నుంచి ప్లేనో వరకు 26 మైళ్ళ సిల్వర్ లైన్ రైలు అదే ఏడాది అక్టోబరులో మొదలైంది. రైలు విలువ ఏ ఊరి హద్దులో ఎంత ఖర్చయిందన్న పట్టీతో తేలదు. పక్క ఊరి ఆసుపత్రిలో పనిచేసే మనిషి ఈ ఊరికి వచ్చే దారి అది. నగరాలు ఈ గొడవను శాసనసభ దాకా తీసుకెళ్ళడం వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. లెక్కలు బయటికొచ్చాయి, చక్రాల కుర్చీలో బస్సెక్కేవారు కమిటీ ముందుకొచ్చి తమ బతుకు చెప్పుకున్నారు, డార్ట్ కూడా నగరాలకు కొంత నిధి వెనక్కివ్వడానికి దిగింది. చర్చ బహిరంగంగా జరిగింది కాబట్టే ఆ తప్పు కోరిక చట్టంగా మారలేదు.

ఇప్పుడు హైదరాబాద్ వైపు చూస్తే, కోరిక తప్పా ఒప్పా అన్న దగ్గరికే మనం రాలేదు. 2019లో నిజాంపేట, బోడుప్పల్, పీర్జాదిగూడ, జవహర్‌నగర్, బండ్లగూడ జాగీర్, బడంగ్‌పేట, మీర్‌పేటలను మునిసిపల్ కార్పొరేషన్లు చేశారు. 2020 జనవరిలో ఎన్నికలు జరిగి మేయర్లు వచ్చారు. 2025 జనవరిలో వాళ్ళ గడువు తీరింది, ప్రత్యేకాధికారులు వచ్చారు. ఆ ఏడాది చివర్లో ఈ ఏడుతో కలిపి 27 పట్టణ సంస్థలను ఆర్డినెన్స్ ద్వారా జీహెచ్ఎంసీలో విలీనం చేశారు. నగరం రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ఆ 27 చోట్లా అప్పటికి ఎన్నికైన పాలకవర్గం ఒక్కటీ లేదు. విలీనం మంచిదే కావచ్చు. ఒకే నాలాకు నలుగురు యజమానులు ఉండటం వరదల వేళ ఎంత చేటో ఈ ఊళ్ళకు తెలుసు. కానీ జవహర్‌నగర్‌నే తీసుకోండి. మహానగరం చెత్తంతా దశాబ్దాలుగా వచ్చి పడేది అక్కడి డంపింగ్ యార్డులోనే. ఆ దుర్గంధం, ఆ మురుగునీరు భరించినందుకు తమకేం కావాలో ఆ ఊరు కౌన్సిల్‌లో చర్చించి, ఓటు వేసి, తీర్మానంగా శాసనసభ ముందు పెట్టే పద్ధతి మన దగ్గర ఎన్నడూ లేదు. ఉన్నది వినతిపత్రం. ఎమ్మెల్యే దయ ఉంటే పని, లేకపోతే ఎదురుచూపు.

మన దగ్గర ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్స్అఫీషియో సభ్యులుగా మునిసిపల్ సమావేశాల్లోనే కూర్చుంటారు కదా, ఇంతకన్నా దగ్గరి బంధం ఏముంటుందని అడగవచ్చు. ఆ ఏర్పాటులో మాట పైనుంచి కిందికే నడుస్తుంది. 2020లో చైర్‌పర్సన్ల ఎన్నికల్లో ఎక్స్అఫీషియో ఓట్లు ఎంత వివాదమయ్యాయో గుర్తుంటే ఆ నడక అర్థమవుతుంది. రాజ్యాంగం మాత్రం వేరే బల్ల వేసింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ ప్రకారం పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో మూడింట రెండు వంతుల మంది ఆ ప్రాంత మునిసిపాలిటీల సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలో తాము ఎన్నుకున్నవారై ఉండాలి. హైదరాబాద్‌లో ఆ బరువంతా ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా ఉండే హెచ్ఎండీఏ మీదే నడుస్తోంది. రాష్ట్రం ముందు డబ్బూ లేని, అధికారమూ లేని స్థానిక సంస్థలు ఎజెండా రాసుకుని ఏం చేస్తాయని నిరుత్సాహపడేవారికి ఒకటే మాట: రాసుకోని కోరికను రాష్ట్రం కాదనాల్సిన అవసరమే ఉండదు. విలీనమైన ఊళ్ళ వార్డులకు కార్పొరేటర్లు వచ్చినప్పుడు, ఏ జోన్‌కు ఆ జోన్ తన జాబితా తయారు చేసుకోవచ్చు. భూముల రిజిస్ట్రేషన్లలో వచ్చే ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో తమ వాటా ఎప్పుడు జమ అవుతుంది, డంపింగ్ యార్డు భరించే ఊరికి ఏటా ఎంత ఇస్తారు, లేఅవుట్ పడ్డ చెరువు శిఖం భూమికి డ్రైనేజీ లైను ఎవరు వేస్తారు అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెట్టినా సరే. అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలకు నెల ముందు వాటిని వార్డు జనం ఎదుట చదివి, అభ్యంతరాలు రాసుకుని, చేతులెత్తి ఓటు వేసి, ఆ ప్రాంత ఎమ్మెల్యేలందరికీ ఒకే రోజు అందించి, ఎవరు ఏ జవాబిచ్చారో వార్డు కార్యాలయం గోడకు అంటించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.